డల్లాస్‌కు అమ్మానాన్నల ప్రయాణం: దుబాయ్ మీదుగానా, లండన్ మీదుగానా?

గ్లోబు మీద దారం పెట్టి కొలిస్తే హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు దాదాపు 14,400 కిలోమీటర్లు. ఆ దారం ఉత్తర ధ్రువానికి బాగా దగ్గరగా వెళ్తుంది. ఇప్పుడైతే హైదరాబాద్ నుంచి అమెరికాకు నేరుగా విమానం లేదు, ఎక్కడో ఒకచోట మారాల్సిందే. అమ్మానాన్నలకు టికెట్లు తీసే ప్రతి ఇంట్లోనూ ఇదే చర్చ.

లండన్ అంటే చుట్టుదారి అనుకుంటారు చాలామంది. లెక్క చూడండి. దుబాయ్ మీదుగా అయితే మొదట సుమారు 2,550 కిలోమీటర్లు, తర్వాత 12,940. లండన్ మీదుగా 7,750, ఆపైన 7,640. మొత్తం మీద లండన్ దారే ఓ వంద కిలోమీటర్లు తక్కువ! విమానానికి అది పది నిమిషాల దూరం కూడా కాదు. అందుకని దూరం పక్కన పెట్టి, గంటలు ఎలా పడుతున్నాయో చూడాలి.

దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడ మారాక ఏకబిగిన దాదాపు పదహారు. లండన్‌కి పది, పదిన్నర, మళ్లీ అంతే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ పదహారు గంటలు మామూలు విషయం కాదు. మధ్య సీటు వస్తే పక్కవాళ్లను లేపడం ఎందుకని బాత్రూంకి కూడా లేవరు, ఆ భయంతో నీళ్లు తాగడం మానేస్తారు. దిగేసరికి పాదాలు వాచి చెప్పులు పట్టవు. లండన్‌లో సరిగ్గా సగం దారిలో దిగి కాసేపు నడవొచ్చు, మందులు వేసుకోవచ్చు.

అయితే దుబాయ్‌కి ఒక పెద్ద బలం ఉంది: తోడు. ఆ విమానంలో డల్లాస్ వెళ్లే తెలుగు అమ్మానాన్నలు ఇంకో నలుగురైనా దొరుకుతారు. ఇంగ్లిష్ రాకపోయినా వచ్చీరాని హిందీతో గేటు కనుక్కోవచ్చు. లండన్ ఎయిర్‌పోర్టు హీత్రోలో టెర్మినల్ మారాల్సి వస్తే బస్సు ఎక్కాలి, సెక్యూరిటీలో మళ్లీ నిలబడాలి. వీల్‌చైర్ బుక్ చేయకుండా అక్కడికి పంపొద్దు, మారడానికి మూడు గంటలైనా ఉండేలా చూడండి.

లండన్‌లో వీసా సంగతి కూడా ఉంది. అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే ఇబ్బంది లేదు. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు గడువు దాటిపోయి, అక్కడి నుంచి ఇండియా వస్తున్న పిల్లలు మాత్రం ట్రాన్సిట్ నియమాలు, అంటే మధ్యలో విమానం మారేవాళ్లకు ఉండే వీసా నియమాలు, ముందే చూసుకోవాలి. దుబాయ్‌లో ఎయిర్‌పోర్టు దాటి బయటికి వెళ్లకపోతే ఆ గొడవ లేదు.

టికెట్ మీద సమయాలు చూసి మోసపోకండి, రెండూ ఎక్కడికక్కడి టైములే. ఉదయం 4కి బయలుదేరి అదే రోజు సాయంత్రం 4కి దిగితే ప్రయాణం పన్నెండు గంటలు కాదు. వేసవిలో 10.30 గంటలు, చలికాలంలో 11.30 గంటలు కలపాలి.

ఇంగ్లిష్ రాని అమ్మ ఒక్కతే మొదటిసారి వెళ్తుంటే నా ఓటు దుబాయ్‌కే, ఖర్చు కొంచెం పెరిగినా నడవా పక్క సీటు కొని పెట్టి. ఇద్దరూ కలిసి వెళ్తూ, వాళ్లలో ఒకరికి కాళ్ల వాపు ఉంటే మాత్రం లండనే. తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి డల్లాస్ నుంచి దుబాయ్‌కి గంటకు పైగా తగ్గుతుంది. అప్పుడు అదీ కొంత నయమే.