సోఫా కడిగే చిన్న మెషిన్: కొన్నేళ్ల వాడకం తర్వాత

గుడ్డ సోఫా ఉండి, ఇంట్లో పసిపిల్లలో పెంపుడు జంతువులో ఉంటే, నీళ్లు చిమ్మి మళ్లీ పీల్చుకునే చిన్న మెషిన్ కొనమనే చెబుతాను. మా ఇంట్లో కొన్నేళ్లుగా వాడుతున్నాం. ఇప్పటికీ నాకు ఇష్టమైన వస్తువే.

ఒక ట్యాంకులో గుడ్డ శుభ్రం చేసే మందు కలిపిన నీళ్లు పోస్తాం. మీట నొక్కితే అవి గుడ్డ మీద పడతాయి, గొట్టం చివరి మూతి, అంటే నాజిల్, వాటిని మురికితో సహా లాగి రెండో ట్యాంకులోకి పంపుతుంది. కొత్తగా వాడేవాళ్లు చిమ్మడం మీదే దృష్టి పెడతారు. సోఫా బాగుపడేదైనా పాడయ్యేదైనా పీల్చడం దగ్గరే. గుడ్డ కింద ఫోమ్ ఉంటుంది. అందులోకి దిగిన నీళ్లను ఇంత చిన్న మోటారు పూర్తిగా లాగలేదు. ఆ తడి ఆరుతున్నప్పుడు లోపల కరిగిన మురికి కూడా పోగుల వెంట పైకి ఎక్కి వస్తుంది. పోయిందనుకున్న మరక మర్నాడు కనబడేది ఇందుకే. అప్పుడు మళ్లీ నీళ్లు పోస్తే అది ఇంకా వెడల్పవుతుంది. నేను ఒక్కసారి చిమ్మి, మీట వదిలేసి, అదే దారిలో మూడు నాలుగుసార్లు నిదానంగా లాగుతాను. నాజిల్‌లో నీటి చారలు ఆగేదాకా ముందుకు జరగను.

మందు సీసా మీద చెప్పిన కొలతకు మించి వేయకండి. గుడ్డలో మిగిలిన సబ్బు జిగట దుమ్మును పట్టుకుంటుంది, కడిగిన చోటే మిగతా సోఫా కంటే ముందు నల్లబడుతుంది. చివర్లో ఒకసారి ఉత్త నీళ్లు చిమ్మి లాగేస్తే ఈ బాధ ఉండదు.

మెషిన్ బయటకు తీసే ముందు కుషన్ అడుగున లేబుల్ చూడాలి. 'డబ్ల్యూ' అని ఉంటే నీళ్లతో శుభ్రం చేయొచ్చు. 'ఎస్' అంటే నీళ్లు లేని సాల్వెంట్ (మరకను కరిగించే ద్రవం) మాత్రమే. 'డబ్ల్యూఎస్' అంటే రెండూ పనికొస్తాయి. 'ఎక్స్' అంటే వాక్యూమ్, మెత్తటి బ్రష్ తప్ప ఏదీ తగలకూడదు. ఎస్, ఎక్స్ గుడ్డలకు ఈ మెషిన్ వద్దే వద్దు. లేబుల్ లేకపోతే వెనకాల కనబడని చోట తడిపిన తెల్లగుడ్డ అద్ది రంగు దిగుతుందేమో చూడండి. అక్కడ ఆరాక మరోసారి చూడండి.

పాలిస్టర్ మైక్రోఫైబర్ మీద ఫలితం అద్భుతం. చేతులు ఆనే చోట, తల ఆనే చోట పేరుకున్న జిడ్డు నీళ్లలోకి దిగిపోవడం కళ్లారా కనబడుతుంది. నూలు గుడ్డ మీద జాగ్రత్త కావాలి. మరక ఉన్నంత మేరే తడిపితే అంచున నీటి గీత మిగులుతుంది, కాబట్టి ఒక కుట్టు నుంచి ఇంకో కుట్టు దాకా పలకంతా చేయాలి. విస్కోస్ (చెక్క గుజ్జుతో చేసే పోగు) వెల్వెట్ జోలికి మాత్రం నేను వెళ్లను. తడిస్తే ఆ పోగు బలహీనపడుతుంది, నూగు అణిగిపోతుంది.

రక్తం, పాలు, వాంతి లాంటి వాటికి వేడినీళ్లు పనికిరావు. వేడికి ప్రోటీన్ గట్టిపడి పోగులకు అతుక్కుంటుంది. చల్లని నీళ్లు, ఎంజైమ్ (ఇలాంటి మరకలను విడగొట్టే పదార్థం) ఉన్న మందు వాడి, మందుకు కాసేపు సమయం ఇచ్చి లాగాలి. పిల్లి మూత్రం ఫోమ్‌లోకి దిగితే ఈ మెషిన్ ఒక్కదానితో వాసన పోదు. కవర్ ఊడదీసి ఫోమ్‌కే ఎంజైమ్ మందు పట్టించాల్సి వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది మాత్రం వారం వారం పెట్టే పొడి వాక్యూమే. దుమ్ములోని సన్నటి ఇసుక, మనం కూర్చున్నప్పుడల్లా పోగులను రాపాడి అరగదీస్తుంది. తడిపే ముందు కూడా ఆ దుమ్ము తీయాల్సిందే, లేకపోతే బురదవుతుంది. ఈ అలవాటుండటంతో మేం సోఫా మొత్తం కడగడం ఏడాదికోసారితో సరిపోతోంది.

ఆరబెట్టడానికి కుషన్లు నిలబెట్టి ఫ్యాను వేస్తాను. నేరుగా ఎండలో పెడితే రంగు వెలుస్తుంది. 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు భయం.

లోపాలూ ఉన్నాయి. ట్యాంకు చిన్నది, ముగ్గురు కూర్చునే సోఫాకు మళ్లీ మళ్లీ నింపాలి. మోత ఎక్కువ. గొట్టంలో మురికినీళ్లు నిలిస్తే కంపు కొడుతుంది. పనయ్యాక మంచినీళ్లు ఓసారి పీల్పించి, ట్యాంకు కడిగి, మూత తీసి ఆరనిచ్చాకే లోపల పెట్టాలి.