కొత్త రంగు పూసిన పాత కట్టె లేత్ కొంటున్నారా? ముందు హెడ్‌స్టాక్ పాదం చూడండి

వరంగల్, హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల పాత కట్టె లేత్ (కట్టెను గిర్రున తిప్పుతుంటే ఉలితో చెక్కే మిషన్) కోసం వెతుకుతున్నవాళ్లు ఇది తప్పక చదవండి. నాకు 38 వేలు పోయాయి. డబ్బు సంగతి అటుంచండి, ఆ మిషన్ మీద గిన్నె తిప్పి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

మా తాత తరిమెన పట్టి మంచం కోళ్లు, బొంగరాలు, కవ్వాలు చేసేవాడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చునే నేర్చుకున్నా. తర్వాత ఉద్యోగంలో పడి ముప్పై ఏళ్లు ఉలి ముట్టలేదు. రిటైరయ్యాక మళ్లీ మొదలుపెడదామని, పాత బీడు (పోత ఇనుము) మిషనే కావాలని పట్టుబట్టి తిరిగాను. బరువైన బీడు బెడ్, అంటే మిషన్ కింది దిమ్మె, మీద అదురు తక్కువ. రేకు కాళ్ల మిషన్లకు ఆ నిలకడ రాదు, ఈ మాట ఇప్పటికీ అంటాను.

పాత సామాన్ల షాపులో చూసినప్పుడు ఆకుపచ్చ రంగు తళతళలాడుతోంది. “సార్, ఇది అజంజాహి మిల్లుల నడిచిన ముక్క. గిసొంటిది మళ్ల దొరకది” అన్నాడు షాపాయన. 1934లో వరంగల్‌లో మొదలైన ఆ బట్టల మిల్లు పేరు వింటే మన ఊరివాళ్ల మనసు మెత్తబడుతుంది. రుజువుగా ఒక్క కాగితం లేదు, నేనూ అడగలేదు. మోటారు వేస్తే చప్పుడే లేదు. బేరింగుల నిండా చిక్కటి గ్రీజు కుక్కారని ఇంటికొచ్చి విప్పాకే తెలిసింది.

రంగు గీకుతుంటే హెడ్‌స్టాక్ (కట్టెను పట్టి తిప్పే ఎడమవైపు భాగం) పాదం దగ్గర తెల్లటి పొడి రాలింది. లప్పం, అంటే పగుళ్లు పూడ్చే పుట్టీ! ఇంకా గీకితే జానెడు పగులు, బేరింగ్ కూర్చునే గూడు దాకా. ఎవరో మామూలు వెల్డింగ్ రాడ్‌తో అతికించారు. బీడును ముందు బాగా వేడిచేసి, నికెల్ రాడ్‌తో అతికించి, మెల్లగా చల్లారనివ్వాలి. లేకుంటే అతుకు పక్కనే మళ్లీ చిట్లుతుంది. ఇక్కడ అదే జరిగింది. నాలుగైదు కిలోల వంకర తుమ్మ మొద్దు నిమిషానికి 600 చుట్లు తిరుగుతుంటే ఆ బరువంతా మోసేది ఆ గూడే. అది విడిపోతే మొద్దు మన ముఖం మీదికే వస్తుంది.

ఫొటోలు పట్టుకుని పోతే “పాత సామాను వాపస్ ఉండదు” అన్నాడు. నా చేతిలో ఉన్నది “పాత మిషన్ 1” అని రాసిన చిట్టీ మాత్రమే.

మీరు పోయేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం పెట్టుకోండి. లప్పం మందంగా ఉన్నచోట అది పట్టదు. చిన్న సుత్తితో తట్టండి, పగులున్న బీడు గంటలా మోగదు, డొల్లగా పలుకుతుంది. అనుమానమొస్తే అక్కడ రంగు గీకించి, గ్యాస్‌నూనె (కిరోసిన్) రాసి తుడిచి, సుద్దపొడి చల్లండి. పగుల్లోకి పోయిన నూనె కాసేపటికి గీతలా పైకి తేలుతుంది. దానికి ఒప్పుకోకపోతే బేరం వదిలేయండి. బెల్టు తీసేసి స్పిండిల్‌ను (హెడ్‌స్టాక్‌లో తిరిగే ఇరుసును) చేత్తో పైకీ కిందికీ కదిలించి వదులుందేమో చూడండి. టెయిల్‌స్టాక్‌ను (కట్టె రెండో కొనను ఆనించే కుడివైపు భాగాన్ని) ముందుకు జరిపితే రెండు సెంటర్ల, అంటే కట్టెను రెండు కొనల్లో పట్టే సూదుల, మొనలు ఎదురెదురుగా కలవాలి. పాత రంగులో సీసం ఉండొచ్చు, పొడిగా మాత్రం రుద్దకండి, పిల్లలు తిరిగే ఇంట్లో అసలే వద్దు.

నా మిషన్ బెడ్, టెయిల్‌స్టాక్ బాగానే ఉన్నాయి. బెడ్ నుంచి సెంటర్ ఎత్తు 6 అంగుళాలు. దానికి సరిపోయే హెడ్‌స్టాక్ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. తుప్పు పట్టినా పర్వాలేదు, రంగు వేయకుండా ఉన్నదే కావాలి.