దూరపు హాస్టళ్ల వైఫైకి మైక్రోటిక్: ఐపీ పూల్ పెంచాక నా మాట

మా కాలేజీ హాస్టళ్లు ఊళ్లో తలో చోట ఉన్నాయి. ప్రతి హాస్టల్లో కొన్ని యాక్సెస్ పాయింట్లు, ఒక చిన్న మైక్రోటిక్ రౌటర్, అక్కడి నుంచి క్యాంపస్‌కి టన్నెల్ (ఇంటర్నెట్ మీదుగా వేసిన ప్రైవేట్ దారి). పరికరాలకు ఐపీ అడ్రస్‌లు ఇచ్చే పద్ధతి డీహెచ్‌సీపీ. హాస్టల్ రౌటర్ ఆ అడుగులను క్యాంపస్‌కి చేరవేస్తుంది (రిలే), పూల్ అనే నిల్వలోంచి ఐపీలు పంచేది క్యాంపస్‌లోని పెద్ద మైక్రోటిక్. కొన్నేళ్లుగా దీన్ని చూసుకుంటున్నది నేనే.

ఒక నెట్‌వర్క్‌కి కేటాయించే అడ్రస్‌ల గుంపు సబ్‌నెట్, దాని సైజు చెప్పేది స్లాష్ పక్కన అంకె (అంకె తగ్గితే గుంపు పెద్దది). స్లాష్ 24లో వాడుకోదగ్గ అడ్రస్‌లు 254. ఇప్పుడు ప్రతి విద్యార్థి దగ్గరా ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ ఉంటున్నాయి. పైగా ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ఒక్కో వైఫై పేరుకి ఒక్కో మ్యాక్ (పరికరం గుర్తింపు నంబరు) చూపిస్తాయి. రెండు వైఫై పేర్లూ ఒకే పూల్‌లో ఉంటే ఒకే ఫోన్ రెండు లీజులు (కొంతకాలానికి ఇచ్చే ఐపీలు) తినేస్తుంది. పూల్‌లోని ఐపీలన్నీ అయిపోతే సిగ్నల్ ఫుల్లుగానే ఉంటుంది, ఐపీ మాత్రం రాదు. రౌటర్ లాగ్‌లో పూల్ ఖాళీ అని తేటగా రాసి ఉంటుంది. ఆ ఒక్క వరుస చూస్తే చాలు, యాక్సెస్ పాయింట్లను విప్పాల్సిన పనిలేదు.

లీజ్ టైమ్ తగ్గిస్తే క్యాంటీన్ లాంటి చోట సరిపోతుంది. రాత్రి అందరూ గదుల్లోనే ఉండే హాస్టల్‌కి అది చాలదు, స్లాష్ 23 చేయాల్సిందే. 510 అడ్రస్‌లు వస్తాయి. ఇక్కడో మెలిక ఉంది: 192.168.11.0ని పెంచితే అది 192.168.10.0తో కలుస్తుంది, 192.168.12.0తో కాదు. ఆ 10 వేరే హాస్టల్లో వాడుకలో ఉందేమో ముందే చూసుకోవాలి.

రౌటర్‌ఓఎస్‌లో (మైక్రోటిక్ రౌటర్ల సాఫ్ట్‌వేర్) పూల్‌కి కొత్త రేంజ్ చేర్చడం నిమిషం పని, కామా పెట్టి రాస్తే చాలు. అసలు పని ఆ తర్వాతే. డీహెచ్‌సీపీ నెట్‌వర్క్ సెట్టింగ్, హాస్టల్ రౌటర్ మాస్క్ (సబ్‌నెట్ సైజు చెప్పే సెట్టింగ్), క్యాంపస్ నుంచి తిరిగొచ్చే రూట్, నాట్ రూల్ (లోపలి ఐపీలను బయటి ఐపీగా మార్చి నెట్‌కి పంపేది), టన్నెల్ పాలసీ (ఏ అడ్రస్‌లు టన్నెల్‌లో వెళ్లాలో చెప్పేది), ఇవన్నీ మార్చాలి. స్టాటిక్ ఐపీ (చేత్తో పెట్టిన, మారని ఐపీ) ఉన్న కెమెరాలు, ప్రింటర్లలోనూ మాస్క్ మార్చాలి. నాట్ రూల్ పాత స్లాష్ 24లోనే ఉండిపోతే ఒకే గదిలో ఒక ఫోన్‌కి నెట్ వస్తుంది, పక్క ఫోన్‌కి ఐపీ వచ్చినా నెట్ రాదు. బుర్ర వేడెక్కించే లక్షణం అది.

ఈ రౌటర్‌ని నేను గట్టిగా సిఫారసు చేసేది సేఫ్ మోడ్ కోసం. టెర్మినల్‌లో కంట్రోల్ ఎక్స్ నొక్కి పని మొదలుపెడితే, మధ్యలో కనెక్షన్ తెగినా కొన్ని నిమిషాల్లో మార్పులన్నీ వాటంతటవే వెనక్కి పోతాయి. దూరపు రౌటర్ మాస్క్‌ని ఇంట్లో కూర్చుని మార్చేటప్పుడు టెన్షన్ సగానికి సగం తగ్గుతుంది.

స్లాష్ 22కి మాత్రం నేను వెళ్లను. అంత పెద్ద సబ్‌నెట్‌లో బ్రాడ్‌కాస్ట్‌లే (అందరికీ ఒకేసారి వెళ్లే సందేశాలు) గాలిలో బోలెడు సమయం తీసుకుంటాయి. అంతకు మించి కావాలంటే అంతస్తుకో వీల్యాన్ (అదే వైర్లమీద విడిగా నడిచే నెట్‌వర్క్) పెట్టి, దేని పూల్ దానికి ఇస్తాను.