కార్బ్యురేటర్ మీది నల్ల డబ్బా, రెండు వందల రూపాయల పసుపు మీటరు

డీటీ-830డీ మల్టీమీటరు గురించి కొత్తగా చెప్పేదేం లేదు. కోఠి గుజరాతీ గల్లీలో ఏ కొట్టులో అడిగినా తీసిచ్చే పసుపు మీటరే. కొన్నేళ్లుగా దీన్ని నేను ఎక్కువగా వాడింది ఒకే పనికి: పాత బండి కార్బ్యురేటర్‌కు వైర్లతో అతుక్కుని ఉన్న డబ్బా అసలేమిటో తేల్చడానికి. ఆ పనిలో దీని ఓమ్ స్కేలుకు, అంటే నిరోధం కొలిచే స్కేలుకు, సాటి లేదు. సాటి లేదన్న మాటకు ఒక సవరణ ఉంది, అది కింద.

కార్బ్యురేటర్ అంటే గాలి, పెట్రోలు, ఆ పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రాల ఇత్తడి జెట్లు. దానికి కరెంటుతో పనేంటి అనుకునేవాళ్లు చాలామంది. "అది లేకపోయినా నడుస్తదన్నా" అని కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) పీకి, టేపు చుట్టి పక్కన పెట్టే మెకానిక్‌లూ ఉన్నారు. బండి నిజంగానే స్టార్టవుతుంది, అదే చిక్కు. పికప్ మందగించిన సంగతి, మైలేజీ తగ్గిన సంగతి నెల తర్వాత గానీ తెలియదు. అప్పటికి తప్పు జెట్ల మీదికి పోయి ఉంటుంది.

మొదట కీ ఆఫ్ చేసి కప్లర్ ఊడదీయాలి. కరెంటు ఉన్న వైర్ల మీద ఓమ్ స్కేలు పెడితే అంకెలు అబద్ధం చెబుతాయి. ఆ తర్వాత చూడాల్సినవి రెండే: వైర్లెన్ని, డబ్బా ఎక్కడ కూర్చుంది.

మూడు వైర్లుండి, ఎక్సలేటర్ కేబుల్ చక్రానికి అవతలి పక్కన, బటర్‌ఫ్లై (గాలి దారి తెరిచే రేకు) ఇరుసు చివర ఉంటే అది థ్రాటిల్ పొజిషన్ సెన్సార్. కార్బ్యురేటర్‌తో వచ్చిన క్లాసిక్ 350 మీద కనిపించేది ఇదే. ఎక్సలేటర్ ఎంత తిప్పామో ఇగ్నిషన్ యూనిట్‌కు చెప్పడమే దీని పని. స్పార్క్ ఎంత ముందుగా వేయాలో ఆ యూనిట్ దాన్నిబట్టి నిర్ణయిస్తుంది. పెట్రోలుతో దీనికి సంబంధం లేదు. మీటరును 20కె మీద పెట్టి మూడు పిన్నులనూ జతలు జతలుగా పట్టి చూడండి. ఎక్సలేటర్ తిప్పినా కదలని జత ఒకటుంటుంది, చాలా సెన్సార్లలో 5 కిలో ఓమ్‌ల చుట్టుపక్కల. ఆ రెండూ అటూ ఇటూ కొసలు. మిగిలిన పిన్ను తిప్పిన కొద్దీ మారేది.

రెండే వైర్లుంటే కథ చీలుతుంది. స్లైడ్ (ఎక్సలేటర్‌తో పైకీ కిందికీ కదిలే ముక్క) పక్కన చిన్న ముక్కగా ఉండి, ఎక్సలేటర్ కొద్దిగా తిప్పగానే మీటరు బజర్ మోగడమో, మోగేది ఆగడమో జరిగితే అది రీడ్ స్విచ్. పల్సర్ డీటీఎస్-ఐలో ట్రిక్స్ అన్న పేరుతో వచ్చింది ఇలాంటిదే. స్లైడ్‌లో చిన్న అయస్కాంతం ఉంటుంది, అది దగ్గరకొస్తే లోపలి రేకులు కదులుతాయి. స్లైడ్ మార్చినప్పుడు అయస్కాంతం లేని డూప్లికేటు వేశారనుకోండి, బజర్‌లో ఏ మార్పూ ఉండదు. స్విచ్ పోయిందని తీర్పిచ్చే ముందు ఏదైనా పాత అయస్కాంతం ముక్క దాని దగ్గరకు తెచ్చి చూడాలి.

గుండ్రంగా, రబ్బరు టోపీతో బుడ్డిలా ఉన్నదైతే ఆటో చోక్. కైనెటిక్ హోండా రోజుల నుంచీ గేర్లు లేని స్కూటర్లకు అలవాటైనదే. లోపల మైనం, దాన్ని వేడిచేసే చిన్న బిళ్ల. వేడెక్కిన మైనం ఉబ్బి ప్లంజర్‌ను బయటికి నెడుతుంది, అదనపు పెట్రోలు దారి మూసుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు సాధారణంగా పది ఓమ్‌ల లోపే చూపిస్తుంది. విప్పి, బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఇచ్చి ఐదు నిమిషాలు ఆగండి: ప్లంజర్ కొన్ని మిల్లీమీటర్లు ముందుకు రావాలి. రాకపోతే బండి ఎప్పుడూ చోక్‌లోనే నడుస్తున్నట్టు. ప్లగ్గు మసిబారడం, లీటరుకు పది కిలోమీటర్లు తరిగిపోవడం అక్కడి నుంచే.

ఇక్కడే ఒక మోసం ఉంది. పాత స్కూటర్లలో ఈ చోక్‌కు చాలాసార్లు కరెంటు బ్యాటరీ నుంచి రాదు, మాగ్నెట్ కాయిల్ నుంచి ఏసీగా వస్తుంది. ఇంజన్ నడుస్తుండగా డీసీ స్కేలు పెడితే దాదాపు సున్నా, "సప్లయ్ లేదు" అనిపిస్తుంది. ఏసీ 200 మీద పెడితే అదే వైరు బతికే ఉంటుంది.

కార్బ్యురేటర్ ఒంట్లోకి బోల్టులా దిగి, ప్లంజర్ లేకుండా, పైన ఒకటో రెండో టెర్మినల్స్ ఉంటే అది హీటర్. పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు లోపల చల్లబడి, తేమగాలి మంచు కట్టి స్లోలో ఆగిపోయే చలిదేశాల కోసం పెట్టింది. బ్రిటన్‌లో పాత ట్రయంఫ్ బోనవిల్ నడిపే మనవాళ్లకు పనికొస్తుంది. లంబసింగి ఘాట్ మీద చలికాలం తెల్లవారుజామున తప్ప మనకు దీనితో పని పడదు. ఫ్లోట్ బౌల్ (పెట్రోలు నిలిచే గిన్నె) అడుగున ఉండి, 12 వోల్టులు తగలగానే టక్‌మనేది ఫ్యూయల్ కట్ సోలెనాయిడ్, అంటే పెట్రోలు ఆపే కరెంటు వాల్వు. మన బళ్లలో అరుదు.

ఇప్పుడు ఆ సవరణ. బండి పాత 150 సీసీది. లక్షణం చాలా స్పష్టం: టాప్ గేరులో 40-45 మీద నిలకడగా పోతుంటే చిన్న చిన్న జర్కులు, ఎక్సలేటర్ ఇంకాస్త తిప్పితే మాయం. జెట్లు కడిగినా, ప్లగ్గు మార్చినా, ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేసినా అదే తీరు. సెన్సార్ మీద ఈ మీటరు పెట్టి మొదటి నుంచి చివరిదాకా తిప్పితే అంకె చక్కగా పెరిగింది. బాగుందని తేలింది. బాగులేదు. ఈ మీటరు అంకె సెకనుకు రెండు మూడు సార్లే మారుతుంది. సెన్సార్‌లోని కార్బన్ పట్టీ అరిగేది ఎక్సలేటర్ రోజంతా నిలిచే చోట, అంటే మొదటి పావు తిప్పులో, అదీ వెంట్రుక వాసంత. చెయ్యి మామూలు వేగంతో దాటితే ఈ రెండు అంకెల మధ్య ఆ గుంట ఇరుక్కుపోతుంది. పాత సూది మీటరు పెట్టగానే సూది ఒక్కచోట జారిపడి మళ్లీ లేచింది. అదే జర్కు.

అప్పటి నుంచి పసుపు మీటరుతోనే చేస్తే ఒక పద్ధతి: స్లో స్క్రూను (ఎక్సలేటర్ వదిలినా దాన్ని కొద్దిగా తెరిచి ఉంచేది) పావు తిప్పు, మూడు అంకెలు లెక్కపెట్టు, రాసుకో, మళ్లీ పావు తిప్పు. పెరుగుతూ వచ్చే అంకెల్లో ఒకటి హఠాత్తుగా ఎగిరినా, ఎడమ కొసన ఒంటరి 1 (కొలతకు అందలేదని గుర్తు) మెరిసినా గుంట అక్కడే. స్క్రూ ఎన్ని తిప్పులు దిగిందో ముందే రాసిపెట్టుకోకపోతే స్లో చెడుతుంది. ఓపిక లేకపోతే సూది మీటరు తెచ్చుకోండి, ఇది ఆ పనికి కాదు.

సెన్సార్ మార్చేటప్పుడు దాని రెండు స్క్రూలు వదులు చేయకముందే, డబ్బా మీదా కార్బ్యురేటర్ మీదా కలిపి సూదితో ఒక గీత గీయాలి. ఆ రంధ్రాలు పొడవుగా ఉంటాయి, డబ్బా అటూ ఇటూ జరుగుతుంది, గీత లేకపోతే స్పార్క్ టైమింగ్ లెక్క తప్పుతుంది. క్లీనింగ్ స్ప్రే దాని మీద కొట్టొద్దు, కార్బ్యురేటర్‌తో పాటు పెట్రోలులో ముంచొద్దు. వాటర్ వాష్ తర్వాత మొదలైన మిస్సింగ్ అయితే సెన్సార్ కంటే ముందు కప్లర్ పిన్నులు చూడండి. ఆకుపచ్చ చిలుము కనిపిస్తుంది.

మీటరు లోపాలు ఇంకొన్ని. 200 ఓమ్ స్కేలులో ప్రోబులు రెండూ ఆనిస్తే దాదాపు ఒక ఓమ్ చూపిస్తుంది. ఆటో చోక్ లాంటి చిన్న లెక్కల్లో అది తీసేయాలి. లోపలి 9 వోల్టుల బ్యాటరీ నీరసిస్తే వోల్టులు ఎక్కువ చేసి చెబుతుంది, అలిసిన బండి బ్యాటరీ కూడా భేషుగ్గా కనిపిస్తుంది. ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలో మరిచిపోయి బండి బ్యాటరీకి తగిలిస్తే నేరుగా షార్టే, ఆ దారిలో ఫ్యూజు లేదు.

కొనమని గట్టిగా చెప్పను. నా పని కార్బ్యురేటర్ బళ్లతో, అంటే 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రాకముందువి. అందుకని నాకు చాలింది. ఇంజెక్షన్ బండి ఒక్కటే ఉన్నవాళ్లకు దీనితో బ్యాటరీ చూసుకోవడం తప్ప పెద్ద పని లేదు. నాదాంట్లో డయల్ మీద 20కె అన్న అచ్చు అరిగిపోయింది, స్కెచ్ పెన్నుతో మళ్లీ రాసుకున్నాను.