1,300 రూపాయల సీజీ స్టాండు: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి దండగ

అనంతపురంలో మాకు వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ షాపు ఉంది. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు ఏ చక్రంలో ఐదు గ్రాములు ఎక్కువ, ఎక్కడ పది గ్రాములు తక్కువ అని చూడటమే నా పని. అలాంటివాడికి ఆర్‌సీ విమానాల, అంటే రిమోట్‌తో ఎగరేసే చిన్న విమానాల, సీజీ చూసే స్టాండు ఆన్‌లైన్‌లో కనిపిస్తే ఊరుకుంటాడా? అవసరం కన్నా కుతూహలం ఎక్కువై ఆర్డర్ పెట్టేశాను. మంచీ చెడూ తెలిసేంత వాడాకే ఇది రాస్తున్నాను.

కొత్తవాళ్ళకు ఒక మాట చెప్పి ముందుకు పోతాను. సీజీ (సెంటర్ ఆఫ్ గ్రావిటీ) అంటే విమానం ముందుకూ వెనక్కూ వాలకుండా తూగే చోటు. రెక్క ముందంచు నుంచి అది ఎన్ని మిల్లీమీటర్ల వెనక ఉండాలో ప్లాన్‌లోనో, కిట్‌తో వచ్చిన కాగితంలోనో రాసి ఉంటుంది. మామూలు ట్రైనర్లకు, అంటే నేర్చుకునేవాళ్ళ విమానాలకు, రెక్క వెడల్పులో (ముందంచు నుంచి వెనకంచు దాకా) 25 నుంచి 33 శాతం మధ్య వస్తుంది. అంటే 200 మి.మీ. రెక్కకు 50 నుంచి 66 మి.మీ. దాకా. అంతకన్నా వెనక్కి పోతే టెయిల్ హెవీ. ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక రెక్క) కొంచెం తాకినా విమానం ఎగిరెగిరి పడుతుంది, మన మాట వినదు. మరీ ముందుకు పోతే నోస్ హెవీ. ల్యాండింగ్‌లో ముక్కు లేవనని మొండికేస్తుంది, కానీ ఇంటికైతే తిరిగొస్తుంది. అందుకే అనుమానం ఉంటే ముక్కు వైపే మొగ్గమంటారు.

ఇక స్టాండు. 3 మి.మీ. ఎండీఎఫ్ చెక్కను లేజర్‌తో కోసిన ముక్కలు, చేత్తో తిప్పి బిగించే నట్లు. డబ్బా తెరిస్తే కాలిన చెక్క వాసన గుప్పుమంది, అది రెండు రోజుల్లో పోయింది. కింద పలక, దాని మీద పక్కలకు జరిగే రెండు కాళ్ళు, ఒక్కో కాలి పైన రబ్బరు బొడిపె. బొడిపె ముందు ఒక చిన్న స్కేలు, దాని మీద జరిగే పుల్ల. ఉదాహరణకు పుల్లను 62 దగ్గర బిగించి, రెక్క ముందంచు దానికి ఆనేలా విమానాన్ని పెడితే బొడిపెలు 62 మి.మీ. దగ్గర రెక్కను మోస్తాయి. ముక్కు ఒక పిసరు కిందికి వాలి ఆగిందంటే సరిపోయినట్టే.

మోస్తాయి అన్నాను గానీ, నా దగ్గరున్న పీసు అక్కడ మోయదు. మా షాపులో వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) ఉంది కాబట్టి దొరికిపోయింది. పుల్ల మందం 4 మి.మీ. స్కేలును ఆ పుల్ల నడిమధ్యకు లెక్కపెట్టి అచ్చువేశారు. రెక్క ఆనేదేమో పుల్ల అంచుకు. అంటే 62 అని పెడితే నిజానికి 60 దగ్గర తూగుతుంది. తప్పు ముక్కు వైపే పోతుంది కాబట్టి ట్రైనర్‌కు వచ్చిన నష్టమేమీ లేదు. 200 మి.మీ. రెక్కలో 2 మి.మీ. అంటే ఒక్క శాతమే. చిన్న ఫ్లయింగ్ వింగులకు (తోక లేని విమానాలకు) మాత్రం ఆ తేడా చేతికి తెలుస్తుంది. అమ్మినవాళ్ళకు ఫొటో తీసి పంపితే, డిజైన్ ప్రకారం కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయని జవాబిచ్చారు. సరే సామీ అనుకుని, కావలసిన అంకెకు 2 కలిపి పెట్టుకుంటున్నాను.

బొడిపెలు కూడా మరీ కోసుగా ఉన్నాయి. కిలో దాటిన ఫోమ్ విమానాన్ని పెడితే రెక్క కింద గుంటలు పడతాయి. పాత ట్యూబు ముక్కలు కోసి పైన అతికించాక ఆ బాధ పోయింది. బాల్సా (తేలిక చెక్క) రెక్కలకైతే కాళ్ళను జరిపి, బొడిపె సరిగ్గా రిబ్ (రెక్క లోపలి అడ్డపట్టీ) కిందికి వచ్చేలా చూసుకోవాలి. రెండు రిబ్‌ల మధ్య పెట్టారంటే పైన అతికించిన ఫిల్మ్ చిరుగుతుంది.

మా దగ్గరికి వచ్చే ఇంజినీరింగ్ కుర్రాడొకడు దీన్ని చూసి, "అన్నా, రెండు వేళ్ళ మీద పెట్టి చూసుకునేదానికి ఇంత డబ్బెందుకన్నా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఒకే ఒక్క ఫోమ్ ట్రైనర్ ఉన్నవాడికి వేళ్ళు చాలు, ఈ స్టాండు దండగ. కానీ వేలి కొన అరంగుళం పైనే వెడల్పు ఉంటుంది. ఆ అరంగుళంలో సీజీ ఎక్కడుందో వేలికి తెలియదు. పైగా రెండు చేతులూ రెక్క కిందే ఉంటే బ్యాటరీని జరిపేది ఎవరు? స్టాండు వల్ల నాకు దక్కిన అసలు సుఖం అదే. విమానం దాని మానాన అది కూర్చుంటుంది, నేను బ్యాటరీని కొంచెం ముందుకు తోసి, వదిలి, చూసి, మళ్ళీ తోస్తాను. "అదప్పా సంగతి" అన్నాను. వాడు నవ్వి, తన విమానం తెచ్చి దీని మీదే పెట్టుకున్నాడు.

పెట్టేముందు విమానం ఎగరడానికి సిద్ధంగా ఉన్నట్టే ఉండాలి. ప్రొపెల్లర్, చక్రాలు, మూత అన్నీ బిగించి, బ్యాటరీ లోపల పెట్టే చూడాలి. ఇంజిన్ విమానమైతే ట్యాంకు ఖాళీగా ఉండాలి. హై వింగ్ (రెక్క ఒంటికి పైన ఉన్న) విమానాన్ని మామూలుగానే పెట్టొచ్చు, ఒళ్ళంతా రెక్క కిందే వేలాడుతుంది కాబట్టి నిలకడగా తూగుతుంది. లో వింగ్‌ను (రెక్క కింద ఉన్నదాన్ని) మాత్రం తిరగేసి పెట్టాలి. బరువు, ఆనే చోటు కన్నా పైన ఉంటే విమానం తూగదు, ఏదో ఒక వైపు దబ్బున ఒరుగుతుంది. అమ్మేవాళ్ళ ఫొటోలో లో వింగ్ ఫైటర్‌ను నిటారుగా పెట్టి చూపించారు. అది కెమెరా కోసం నిలబెట్టిందే, నమ్మకండి. తిరగేసేటప్పుడు బ్యాటరీ పట్టీ గట్టిగా ఉందో లేదో చూసుకోండి.

ఫ్యాన్ ఆపాలి. జూన్, జూలైలో అయితే షట్టరు దించకుండా ఈ పని జరగదు. గాలిమరలు పాతిన జిల్లా మరి మాది.

బరువు పెట్టే దగ్గర చాలామంది తొందరపడతారు. నా ట్రైనర్ లెక్కే చెబుతాను. మొత్తం బరువు 1,100 గ్రాములు, సీజీ ఉండాల్సిన చోటు కన్నా 8 మి.మీ. వెనక ఉంది. రెండూ గుణిస్తే 8,800. మోటారు దగ్గర, అంటే సీజీ ఉండాల్సిన చోటుకు 220 మి.మీ. ముందు, సీసం అతికించాలంటే 8,800ను 220తో భాగించాలి, 40 గ్రాములు కావాలి. అదే 180 గ్రాముల లైపో బ్యాటరీని ముందుకు జరిపితే? 8,800ను 180తో భాగిస్తే 49. బ్యాటరీ ఐదు సెంటీమీటర్లు జరిగితే చాలు, ఒక్క గ్రాము సీసం అక్కర్లేదు. లోపల కొంచెం ఫోమ్ కోసి చోటు చేశాను, పనైపోయింది. జరపడానికి చోటే లేనప్పుడు టైర్ల షాపులో దొరికే స్టిక్కర్ వెయిట్లు తెచ్చుకోండి. 5, 10 గ్రాముల ముక్కలుగా తుంచుకోవచ్చు. ఎంత ముందుకు అతికిస్తే అంత తక్కువ బరువుతో పని జరుగుతుంది. మా ఎండలకు దాని జిగురు జారుతుంది, పైన టేపు చుట్టడం మరవద్దు.

ఈ స్టాండుకు చేతకాని పని ఒకటుంది. సీజీ ఎక్కడుందో అది చూపిస్తుంది, ఎక్కడ ఉండాలో మనమే చెప్పాలి. మా చెల్లెలి కొడుకు ఫ్లయింగ్ వింగ్ చేసుకుని వచ్చి, "మామా, 30 శాతం దగ్గర పెట్టేయ్" అన్నాడు. తోక లేని వాటికి అంత వెనక కుదరదు, 15 నుంచి 20 శాతం మధ్య మొదలుపెట్టాలి. పైగా వెనక్కి వాలిన రెక్కకు ఏ వెడల్పులో శాతం తీస్తాం? సగటు వెడల్పు తీయాలి. పాత పేపరు పరిచి రెక్క ఆకారం గీశాం. రెక్క మొదలు (విమానం ఒంటి పక్క) దగ్గరి వెడల్పుకు వెనక వైపు చివరి వెడల్పును, చివర దగ్గర ముందు వైపుకు మొదలు వెడల్పును కలిపి గీసి, ఆ రెండు కొసలనూ ఐమూలగా కలిపాం. మొదలు, చివర వెడల్పుల సరిగ్గా సగం దగ్గరి బిందువులను కలిపే గీతను అది ఎక్కడ కోస్తే అక్కడి వెడల్పే సగటు. శాతం దాని ముందంచు నుంచి కొలవాలి. రెక్క మొదలు నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. వాడికి విసుగొచ్చింది గానీ, విమానం మాత్రం మొదటి విసురుకే బుద్ధిగా పోయింది.

స్టాండు మీద తూగినా ఆఖరి మాట గాలిదే. శెనక్కాయలు పీకేసిన చేలో, గాలి తగ్గిన సాయంత్రం, విమానాన్ని సమంగా పోయేలా ట్రిమ్ చేసి, బాగా ఎత్తులో సుమారు 45 డిగ్రీల డైవ్‌లోకి వంచి ఎలివేటర్ వదిలేస్తాను. గబుక్కున తనంతట తానే పైకి లేస్తే నోస్ హెవీ. ఇంకా కిందికి ముడుచుకుపోతే టెయిల్ హెవీ, వెంటనే ఎలివేటర్ లాగాలి. మెల్లగా లేస్తే నాకు నచ్చినట్టు ఉందని అర్థం. నా ట్రైనర్ కాగితంలో చెప్పిన దానికన్నా 3 మి.మీ. వెనకే హాయిగా ఎగురుతోంది. ఆ 3 మి.మీ.ని నమ్మకంగా కొలుచుకోవడానికి స్టాండు పనికొచ్చింది.

పెద్ద విమానాలకు ఇది వద్దు. రెండు కిలోలు దాటితే కాళ్ళు ఊగుతున్నాయి. వాటికి ఒక కర్రను దూలానికి వేలాడదీసి, దాని నుంచి రెండు తాళ్ళ ఉచ్చుల్లో రెక్కలను ఉంచి, మధ్యలో మేస్త్రీలు గోడ నిటారు చూసే గుండు కట్టుకుంటే సరి. వెనెస్సా రిగ్ అంటారు దాన్ని. ఇంట్లో ఉన్న సామాన్లతోనే అయిపోతుంది.

5కి నేను 3 ఇస్తాను. స్కేలు సరిగ్గా ఉండుంటే 4 ఇచ్చేవాణ్ణి. నాలుగైదు రకాల విమానాలు కట్టేవాళ్ళు, క్లబ్బుల వాళ్ళు తీసుకోవచ్చు. కొనేముందు మాత్రం స్కేలు సున్నా పుల్ల అంచుకు ఉందా, మధ్యకు ఉందా అని అడగండి. జవాబు తిన్నగా రాకపోతే, వచ్చిన రోజే వెర్నియర్ పెట్టి కొలవండి, రిటర్న్ గడువు వారమే.