మసాలా పట్టించిన సాల్మన్ పుల్లలు కొనే ముందు ఇది చదవండి

విజయవాడ, గుంటూరు వైపు ఫ్రీజర్ ప్యాకెట్లలో మసాలా పట్టించి, పుల్లలకు గుచ్చి అమ్ముతున్న సాల్మన్ చేప కొందామనుకునే వాళ్ల కోసం రాస్తున్నాను. మాకు జరిగింది ఇంకో ఇంట్లో జరగకూడదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి దుకాణం పేరు ఇక్కడ పెట్టడం లేదు.

కార్తీకం నెలంతా మా ఇంట్లో నీచు వండం. పోలి పాడ్యమి దాటాక వచ్చే మొదటి ఆదివారం ఉండవల్లి దగ్గర మా చిన్నాన్నగారి అరటి తోటలో అందరం కలుస్తాం. ఈసారి పదహారు మందిమి. ఎప్పుడూ చేపల పులుసు గిన్నెలు మోసుకెళ్లేవాళ్లం. ఈసారి పిల్లలు నిప్పుల మీద కాల్చుకు తిందామని సరదాపడ్డారు. ప్యాకెట్ మీద గులాబీ రంగు ముక్కల బొమ్మ, పైన పెద్ద అక్షరాలతో 'సాల్మన్ టిక్కా' అని ఉంది. అరకిలో 950 రూపాయలు. నాలుగు ప్యాకెట్లు తెప్పించాను.

ఇంటికి వచ్చేసరికి ప్యాకెట్లు చల్లగానే ఉన్నాయి, కానీ నొక్కితే మెత్తగా ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఒక మూలన ఎర్రటి నీరు గడ్డకట్టి ఉంది. ముక్కలు ఒకసారి కరిగి, కారిన నీరు ఒక పక్కకు చేరి, మళ్లీ ఫ్రీజర్‌లో పెడితే అలా అవుతుంది. ఆ క్షణమే వెనక్కి పంపాల్సింది. బయల్దేరే హడావిడిలో ఐస్ పెట్టెలో సర్దేశాను.

తోటలో బొగ్గులు రాజేసి పుల్లలు పెట్టాం. మూడు నిమిషాలు కాలేదు, ముక్కలు పిండిలా విడిపోయి నిప్పుల్లో పడ్డాయి. నిమ్మరసం కలిపిన మసాలాలో చేపను రోజుల తరబడి ఉంచితే ఆ పులుపుకే కండ వండినట్టు తెల్లబడి, పట్టు పోతుంది. మామూలుగా అరగంట చాలు, ఆ ప్యాకెట్ మీద తేదీ చూస్తే తయారై పదకొండు రోజులైంది. ఇక వాసన సంగతి చెప్పనక్కర్లేదు. అల్లం వెల్లుల్లి ఘాటు దాటుకుని మరీ ముక్కుకు కొట్టింది.

మా పెద్దత్తయ్యది బాపట్ల. సూర్యలంక సముద్రం చేపలు తిని పెరిగిన మనిషి. ఒక ముక్క తీసుకుని బోరు నీళ్ల కింద మసాలా అంతా కడిగేసింది. లోపల కండ తెల్లగా ఉంది. "ఇది మాగ కదే అమ్మాయ్! మాగ మంచి చేపే. కానీ ఇది చెడిపోయింది, పిల్లలకు పెట్టకండి" అంది. అప్పటికే మా అక్క కొడుకు రెండు ముక్కలు తినేశాడు. ఆ రాత్రి వాడికి నాలుగుసార్లు వాంతులయ్యాయి. తెల్లవారేదాకా ఎవరికీ నిద్ర లేదు. చేప వల్లేనని డాక్టరుగారు తేల్చి చెప్పలేదు కానీ, ఆ టెన్షన్ నేను మర్చిపోలేను.

మాగనే ఇంగ్లీషులో ఇండియన్ సాల్మన్ అంటారు, హిందీ మరాఠీ వాళ్లు రావస్ అంటారు. పేరులో సాల్మన్ ఉన్నా దానికీ అసలు సాల్మన్‌కీ చుట్టరికం లేదు. సాల్మన్ చల్లటి నీళ్ల చేప, మన బంగాళాఖాతంలో దొరకదు. నార్వే లాంటి దేశాల్లో పెంచి ఇక్కడికి పంపిస్తారు, అందుకే అంత ధర. దాని కండ నారింజ కలిసిన గులాబీ రంగులో ఉండి, మధ్య మధ్య తెల్లటి కొవ్వు చారలు కనిపిస్తాయి. మాగకు ఆ చారలుండవు. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూస్తే, చీమ తలకాయంత అక్షరాల్లో 'ఇండియన్ సాల్మన్' అని ఉంది. ముందువైపు బొమ్మ మాత్రం నార్వే చేపది. మసాలాలోని ఎర్ర రంగు నా చేతులకు మర్నాటి దాకా పోలేదు. చేప, చికెన్ కబాబుల్లో కృత్రిమ రంగులు వాడకూడదని కర్ణాటక ప్రభుత్వం 2024 జూన్‌లో నిషేధం పెట్టింది. పిల్లలు తినే వస్తువు కాబట్టి మనమూ పట్టించుకోవాలి.

దుకాణానికి ఫోన్ చేస్తే "ఇండియన్ సాల్మన్ కూడా సాల్మనే మేడమ్, మసాలా పెట్టిన సరుకు వాపసు తీసుకోం" అన్నారు. కరిగి మళ్లీ గడ్డకట్టిన సంగతి అడిగితే ఫోన్ పెట్టేశారు. బిల్లు, ప్యాకెట్ రెండు వైపులా ఫోటోలు, కడిగిన ముక్క ఫోటో దగ్గర పెట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేశాను. ప్యాకెట్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 14 అంకెల లైసెన్సు నంబర్ ఉంటుంది, ఫిర్యాదులో అది కూడా ఇచ్చాను. కవరు పారేయకపోవడం మంచిదైంది.

సాల్మన్ కాల్చుకు తినాలని ఉంటే మసాలా లేనిది, తోలుతో ఉన్న ముక్క కొనండి. అప్పుడు కళ్లతో చూసి కొంటారు. రాయిలా గట్టిగా ఉండాలి. దాన్ని ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వండి, బయట గిన్నెలో కాదు. రెండు వారాల తర్వాత మేము మేడ మీద అలాగే చేశాం. అంగుళంన్నర ముక్కలు, ఉప్పు, పసుపు, కాస్త గుంటూరు కారం, అల్లం వెల్లుల్లి, నూనె, రెండు చెంచాల పెరుగు. నిమ్మకాయ దించాకే పిండాం. వెదురు పుల్లలు అరగంట నీళ్లలో నానబెట్టి, ముక్క గిర్రున తిరగకుండా రెండేసి పుల్లలు గుచ్చాం. మంట తగ్గి బొగ్గుల మీద బూడిద తెల్లగా కమ్మాక, గ్రిల్లుకు నూనె రాసి, తిప్పుతూ పది నిమిషాలు కాల్చాం. ఒక్క ముక్క కూడా జారలేదు.

ఆ మసాలా ప్యాకెట్లు ఇప్పటికే కొని ఫ్రీజర్‌లో పెట్టుకున్నవాళ్లు ఉంటే, ఈరోజే ఒక ముక్క కడిగి చూడండి. మూలన ఎర్ర మంచుగడ్డ ఉన్నా, ముక్క వేళ్ల మధ్య నలిగిపోతున్నా కాల్చకండి. ఫోటో తీసి బిల్లుతో సహా దాచి, 1915కి ఫోన్ చేయండి.