కమిలిన దెబ్బకు ఆర్నికానా, కాంఫ్రేనా?

చర్మం కింద సన్నని రక్తనాళాలు చిట్లి రక్తం కారితే కమిలిపోతుంది, తర్వాత ఆకుపచ్చగా, పసుపుగా మారి సాధారణంగా 2 వారాల్లో తనంతట తానే పోతుంది. అందుకే ఏ మందు రాసినా పనిచేసినట్టే అనిపిస్తుంది!

ఇలాంటి దెబ్బలకు రాసే మూలికల్లో ఆర్నికా పేరే ఎక్కువ వినిపిస్తుంది గానీ ఫలితాలు మాత్రం కలగాపులగం. 2010లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, లేజర్‌తో కమిలేలా చేసిన చర్మం మీద 20 శాతం ఆర్నికా ఆయింట్‌మెంట్ ఉత్త పెట్రోలియం జెల్లీ కన్నా మెరుగ్గా పనిచేసింది. ఇది పైపూత సంగతి. హోమియో ఆర్నికా మాత్రలు వేరు, 2003లో చేతి మణికట్టు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఇచ్చి చూస్తే డమ్మీ మాత్రల కన్నా మేలు చేయలేదు.

కాంఫ్రే అనే మరో మూలికకి సాక్ష్యం కాస్త గట్టిది, కాకపోతే అది ఎక్కువగా బెణుకుల మీద. 2005లో 164 మంది చీలమండ బెణుకు రోగుల్లో కాంఫ్రే వేరు సారంతో చేసిన ఆయింట్‌మెంట్, నొప్పికి రాసే డైక్లోఫెనాక్ జెల్‌కు తీసిపోలేదు. అందుకే నొప్పి, వాపు ఉంటే నా ఓటు దీనికే, రంగు తగ్గడమే కావాలంటే ఆర్నికా పూత ప్రయత్నించండి.

కానీ కాంఫ్రేని దయచేసి కషాయంగా తాగకండి, అందులోని పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. మూలిక ఆర్నికా కూడా మింగితే విషమే. చర్మం చీరుకుపోయిన చోట రెండూ వద్దు. ఇక దెబ్బ తగలకుండానే తరచూ కమిలిపోతుంటే డాక్టర్‌కి చూపించుకోండి.